సంతకం పెట్టడం అందరికీ వచ్చు

ఏటా మే, జూన్ నెలల్లో బంధువుల్లో ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. పిల్లవాడు ఎప్‌సెట్ రాసేశాడు, కాలేజీ తెరిచేదాకా ఖాళీ, పనికొచ్చే కోర్సు ఏదైనా చెప్పమంటారు. వాళ్ల దగ్గర అప్పటికే ఒక జాబితా ఉంటుంది: పైథాన్, స్పోకెన్ ఇంగ్లీషు, ఈమధ్య ఏఐ. నేను చాలాకాలంగా అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి టాలీ పేరు చెబుతానని ఎదురుచూస్తారు. నేను చెప్పేది వేరు. బీరువా తెరిచి ఇంట్లో ఉన్న కాగితాలన్నీ వాడి ముందు పెట్టండి. ఇంటి దస్తావేజు, లోను మంజూరు పత్రం, ఆరోగ్య బీమా పాలసీ, వాళ్ల నాన్న పే స్లిప్పు, చిట్టీ పాసుపుస్తకం. సెలవులు అయ్యేదాకా రోజూ కాసేపు చదివి, అర్థం కాని చోట పెన్సిలుతో గీత గీసి, మిమ్మల్ని అడగమనండి. పైసా ఖర్చు లేదు. అవతలివైపు కొంతసేపు మాట ఉండదు. తరువాత "అది సరే వదినా, వాడి కెరీర్‌కు పనికొచ్చేది చెప్పండి" అంటారు.

కెరీర్‌కు ఇంతకంటే పనికొచ్చేది నాకు తెలియదు. పైథాన్ ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. నలభై ఏళ్లకు నేర్చుకొని బాగుపడినవాళ్లున్నారు. కాగితం చదవడం మాత్రం ఆలస్యంగా నేర్చుకుంటే రుసుము చాలా ఎక్కువ, అదీ లక్షల్లో.

చదువుకున్న మన కుటుంబాల్లో సంతకం పెట్టడం అందరికీ వచ్చు. దేని కింద పెట్టారో చెప్పగలిగేవాళ్లు తక్కువ. తెలివి తక్కువై కాదు. వంతెనలు కట్టే ఇంజనీర్లు, గుండెకు ఆపరేషన్ చేసే డాక్టర్లు కూడా బ్యాంకు బల్ల దగ్గర కూర్చున్నప్పుడు, ఎదుటి అధికారి పేజీలు తిప్పుతూ "ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ" అని చూపిస్తుంటే ఆ వేగంతోనే పెట్టుకుంటూ పోతారు. "ఒక్క పావుగంట ఆగండి, చదువుకుంటాను" అనే మాట నోటికి రాదు. వెనక ఇంకెవరో నిలబడి ఉంటారు. అధికారి మర్యాదగా టీ తెప్పించి ఉంటాడు. చదివితే ఆయనను అనుమానించినట్టు ఉంటుందని భయం. కాబట్టి నా వాదన ఇదీ: కాగితం చదివే విద్యలో సగం చదువు, సగం మొహమాటం చంపుకోవడం. మొదటి సగం ఏ వయసులోనైనా వస్తుంది. రెండో సగం ఇరవై ఏళ్లప్పుడు అలవడకపోతే యాభై ఏళ్లకు అలవడడం చాలా కష్టం.

మా మేనమామ దస్తావేజు లేఖరి. గుంటూరు జిల్లాలో ఒక సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల షెడ్డులో కూర్చుని అమ్మకాలు, తనఖాలు, భాగపరిష్కారాలు రాసేవాడు. వేసవి సెలవుల్లో ఆయన పక్కన కూర్చోవడం నాకు సరదా. దస్తావేజు పూర్తయ్యాక రెండు పక్షాలనూ కూర్చోబెట్టి మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదివేవాడు. "ఎవరి బలవంతమూ లేకుండా నా పూర్తి సమ్మతితో" అన్న చోట ఒకసారి తలెత్తి అమ్మేవారి ముఖం చూసేవాడు. తరువాత హద్దులు: తూర్పున ఎవరి చేను, దక్షిణాన ఏ డొంక, పడమర ఏ కాలువ, ఉత్తరాన ఎవరి స్థలం. అక్షరం ముక్క రాని రైతులు, వేలిముద్ర వేసేవాళ్లు, ఊపిరి బిగబట్టి వినేవారు. "ఆగండాగండి, ఆ కాలువ పడమరకు రాదు, మూలనుంచే మళ్లిపోతుంది" అని అడ్డుపడేవారు. ఉద్యోగస్థులు మాత్రం చేతి గడియారం చూసుకుంటూ "కానీండి, మీరు రాశాక ఇంక చూసేదేముంది" అనేవారు. చదువు రానివాళ్లు తమకు చదువు రాదని తెలిసినవాళ్లు, అందుకే విన్నారు. చదువు వచ్చినవాళ్లకు ఆ భయం లేదు. నేను ఆ షెడ్డులో చూసినదే ఇప్పటికీ ఎయిర్‌ కండిషన్డ్ బ్యాంకుల్లో చూస్తున్నాను.

వడ్డీ సంగతితో మొదలుపెడతాను. ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. మన దగ్గర వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని బడి ముఖం చూడని ముసలమ్మకు కూడా తెలుసు. ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ లెక్కలు చేయిస్తారు, మార్కులూ బాగానే వస్తాయి. కానీ ఆ క్లాసులోకి ఎవరూ ఒక నిజమైన లోను కాగితం తీసుకురారు. పదేళ్ల తరువాత ఆ కుర్రవాడు బండి కొనడానికి వెళ్తే "12 శాతమే సార్, ఫ్లాట్" అంటారు. లక్ష అప్పు, ఏడాది గడువు, వడ్డీ 12,000. మొత్తం 1,12,000ను పన్నెండు భాగాలు చేస్తే నెలకు 9,333. చూడడానికి రూపాయి వడ్డీ. అయితే ఆరు నెలలు గడిచేసరికి సగం అప్పు తీరిపోయి ఉంటుంది, వడ్డీ మాత్రం ఇంకా లక్ష మీదే కడుతుంటాడు. తగ్గుతున్న అసలు మీద లెక్కగడితే అది ఏడాదికి దాదాపు 21.5 శాతం. రూపాయి అనుకున్నది రూపాయి ముప్పావలా దాటింది.

దీని పక్కన రోజువారీ ఫైనాన్సు పెట్టి చూడండి. కూరగాయల బండి ఆమెకు 8,500 చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. పదిహేను వందలేగా అనిపిస్తుంది. మొదటి రోజు నుంచే అసలు తిరిగి వస్తోందని లెక్కలోకి తీసుకుంటే ఏడాదికి 120 శాతం చేరుతుంది. ఇది ఘోరమైన వడ్డీ, సందేహం లేదు. కానీ అది ఘోరమని ఆమెకు తెలుసు. తెల్లవారుజామున మార్కెట్లో సరుకు ఎత్తడానికి ఇంకెవరూ ఇవ్వరు కాబట్టి తెలిసే తీసుకుంటుంది. ఫ్లాట్ వడ్డీకి బండి తెచ్చుకున్న బీటెక్ కుర్రవాడికి బ్యాంకులూ ఉన్నాయి, ఫోనులో క్యాలిక్యులేటరూ ఉంది, తెలియనిది మాత్రం అతడికే.

ఇంటి లోను దగ్గర ఇంకో రకం. అక్కడ మోసమేమీ లేదు, ఉన్నదంతా గణితమే. 30 లక్షలు, 8.5 శాతం, ఇరవై ఏళ్లు అనుకుంటే నెల కిస్తీ సుమారు 26,035 రూపాయలు. మొదటి నెల కట్టే దానిలో 21,250 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 4,785. ఇరవై ఏళ్లలో కట్టేది 62 లక్షలు దాటుతుంది. ఈ పట్టిక బ్యాంకు ఇస్తుంది, అడిగితే ముద్రించి మరీ ఇస్తుంది. చూసినవాడు మొదటి నాలుగైదేళ్లలో బోనసు వచ్చినప్పుడల్లా అసలులో కొంత కడతాడు, ఎందుకంటే ఆ అదనపు రూపాయి మొత్తం అసలులోకే పోతుంది, దాని మీద రావలసిన వడ్డీ అంతా ఆగిపోతుంది. చూడనివాడు ఆ బోనసుతో టీవీ మారుస్తాడు. టీవీ మీద నాకు కోపం లేదు, తెలిసి మారిస్తే.

2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా మంజూరయ్యే రిటైల్ అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఫీజులు, బీమా, ప్రాసెసింగ్ చార్జీలు అన్నీ కలిపితే అసలు వడ్డీ ఏడాదికి ఎంతవుతుందో అందులో ఒకే అంకెగా ఉండాలి. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. వారం లేదా అంతకంటే ఎక్కువ గడువున్న అప్పులకు, ఆ షరతుల మీద ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. అంటే "చదువుకొని రేపు వస్తాను" అనడం మొండితనమూ మర్యాదలోపమూ కావు, నిబంధన మనకిచ్చిన సమయం. తెలుగులో ఇమ్మని కౌంటరు దగ్గర అడిగినవాళ్లు నాకింకా తారసపడలేదు. ఇంగ్లీషు రాదనుకుంటారేమోనన్న బెంగ ఒకటి ఉంటుంది మరి.

వడ్డీకంటే ప్రమాదకరమైనది జామీను. మన ఊళ్లలో చిట్టీ పాడుకున్నవాళ్లు డబ్బు తీసుకోవాలంటే షూరిటీలు కావాలి. ప్రభుత్వోద్యోగి సంతకానికి, ముఖ్యంగా టీచరు సంతకానికి, అక్కడ గొప్ప గిరాకీ. తోటి టీచరు అడుగుతాడు, తోడల్లుడు అడుగుతాడు, ఇంటి ఓనరు అడుగుతాడు. "ఉత్త ఫార్మాలిటీ అన్నయ్యా, కట్టేది నేనే కదా" అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అతడిని అడిగి, అతడి ఆస్తి అమ్మించి, ఇంకా మిగిలితే మన దగ్గరికి వస్తారన్నది చాలామంది నమ్మకం. చట్టంలో అలాంటి వరుస లేదు. నేరుగా మన జీతం మీదికి రావచ్చు. వసూలు చేసే కంపెనీకి ఊరు మారిపోయిన వ్యాపారి వెంట తిరగడం కంటే, ప్రతి నెలా ఒకటో తారీఖున జీతం పడే టీచరు సులువు. అందుకే ఆయన సంతకం కావాలన్నారు! ఈ ఒక్క వాక్యం అర్థమైతే "ఫార్మాలిటీ" అనే మాటకు జవాబు దొరికినట్టే.

ఖాళీ కాగితాల సంగతి కూడా ఇక్కడే. స్టాంపు అంటించిన ఖాళీ ప్రోనోటు మీద సంతకం చేసి ఇస్తే, దాన్ని పూర్తిచేసుకునే అధికారం తీసుకున్నవాడికి ఇచ్చినట్టేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. ఖాళీ చెక్కు ఇస్తే, అది తిరిగివచ్చి, నోటీసు తరువాత కూడా డబ్బు కట్టకపోతే అదే చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు, రెండేళ్లదాకా జైలుకు అవకాశం. 2015 చివర్లో విజయవాడలో అధిక వడ్డీలకు అప్పులిచ్చే కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు పత్రికల్లో కథలు కథలుగా వచ్చినవి ఇవే: ఖాళీ ప్రోనోట్లు, ఖాళీ చెక్కులు. అవసరం మెడ మీద ఉన్నప్పుడు ఎవరూ సెక్షన్లు గుర్తుచేసుకోరు, నిజమే. అందుకే ఈ సంగతి అవసరం లేని వయసులో తెలియాలంటున్నాను. అప్పు తీర్చేటప్పుడు నోటు వెనక చెల్లు రాయించుకోవాలని, మొత్తం తీరాక నోటు వెనక్కి తీసుకోవాలని మన తాతల తరానికి ఎవరూ వర్క్‌షాపు పెట్టి చెప్పలేదు. వాళ్లకు అది అన్నం తినే ముందు చేయి కడుక్కోవడంలాంటి అలవాటు. ఇప్పుడు ఫోన్‌పేలో పంపించి "ఎంట్రీ ఉంది కదా" అంటున్నారు. ఎంట్రీ ఉంది, దేనికోసం పంపామో మాత్రం అందులో ఉండదు.

బీమా గురించి ఒక్క ఉదాహరణతో సరిపెడతాను, ఎందుకంటే దాని మీద మాట్లాడితే నాకు రక్తపోటు పెరుగుతుంది. మూడు లక్షల ఆరోగ్య పాలసీ, అందులో గది అద్దె రోజుకు ఒక శాతం అనే పరిమితి. అంటే 3,000. ఆసుపత్రిలో ఆరువేల గది తీసుకున్నారు, తేడా మూడువేలు మనం పెట్టుకుంటే సరిపోతుందనుకున్నారు. ఇలాంటి పాలసీల్లో దామాషా కోత అనే షరతు ఉంటుంది. అద్దె ఏ నిష్పత్తిలో మించిందో అదే నిష్పత్తిలో డాక్టరు ఫీజులూ ఆపరేషన్ థియేటర్ చార్జీలూ కూడా కోస్తారు. సగం గదికి సగం డాక్టరన్నమాట. ఈ వాక్యం పాలసీలో మొదటినుంచీ ఉంది. దాన్ని కుటుంబం మొదటిసారి చదివేది డిశ్చార్జి రోజున, బిల్లింగు కౌంటరు దగ్గర నిలబడి. కొన్న కొత్తలో చదివి ఉంటే, నచ్చని పాలసీని తిప్పి పంపడానికి ముప్పై రోజుల గడువు ఉండేది. 2024 నుంచి నియంత్రణ సంస్థ ఆ గడువును అంతకు పెంచింది. ఆ ముప్పై రోజులూ పాలసీ కవరు బీరువాలో చీరల కింద ఉంటుంది.

భూమి కాగితాల విషయంలో మనవాళ్లు జాగ్రత్తపరులమనుకుంటారు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టా, తీశామంటారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు కాని అగ్రిమెంటు, కోర్టులో నడుస్తున్న భాగాల దావా, సంతకం చేయని వారసుడు ఈసీలో కనిపించకపోవచ్చు. యజమాని తరఫున వ్యవహరించే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నవాళ్లు హైదరాబాద్ చుట్టుపక్కల ఎందరో. అలాంటి కాగితంతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పింది. రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా, ప్రభుత్వమే ముద్ర వేసింది కదా అంటారు. సబ్‌రిజిస్ట్రారు చూసేది కాగితం రిజిస్టరు చేయడానికి తగినట్టుగా ఉందా, స్టాంపు డ్యూటీ కట్టారా, వచ్చినవాళ్లు వాళ్లేనా అని. అమ్మేవాడికి హక్కు ఉందా అన్నది తేల్చుకోవలసింది కొనేవాళ్లే. అందుకే మా మేనమామ లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందటి దస్తావేజులు, ముప్పై ఏళ్ల వెనక్కి చూడనిదే కలం పట్టేవాడు కాదు. ఫీజు తక్కువ, విసుగు ఎక్కువ అని ఆయనకు పేరు.

ఇందులో ఆడపిల్లల సంతకాల గురించి విడిగా చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమానమైన హక్కు ఇచ్చింది. అప్పటికి పెళ్లయిపోయినవాళ్లకు అది అందలేదు. 2005లో దేశమంతటికీ వచ్చిన చట్టం ఆ తేడా తీసేసింది. చట్టం ఇంత ముందుగా వచ్చిన చోట ఆస్తిలో వాటా వదులుకునే హక్కు విడుదల దస్తావేజులు కూడా అంతే వేగంగా వచ్చాయి. పండక్కి పుట్టింటికి పిలుస్తారు, భోజనాలయ్యాక అన్నయ్య ఒక కాగితం తెస్తాడు, "లోను కోసం బ్యాంకువాళ్లు అడుగుతున్నారమ్మా" అంటాడు. పసుపు కుంకుమల పేరుతో ఇచ్చినది అప్పటికే చీరకొంగులో ఉంటుంది. చదువుతానంటే పుట్టింటి మీద నమ్మకం లేదా అంటారు.

నా వంతు వచ్చినప్పుడు నేను చదివాను. వంటింట్లోకి తీసుకువెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, మొత్తం చదివాను. అందులో "నాకు రావలసిన సొమ్ము పూర్తిగా ముట్టినది" అని ఒక వాక్యం, పక్కన ఒక అంకె ఉన్నాయి. నాకు ముట్టినదేమీ లేదు. ఆ పొలం నాకు అక్కరలేదని నేనే ఎప్పుడో అనుకున్నాను, తమ్ముడే అక్కడ ఉండి సేద్యం చేస్తున్నాడు. కానీ తీసుకోని డబ్బు తీసుకున్నానని నా చేత్తో రాసివ్వడం వేరే సంగతి. ఆ వాక్యం తీసేసి, ఇష్టపూర్వకంగా ఉచితంగా వదులుకుంటున్నానని రాయించుకురా, సంతకం చేస్తానన్నాను. వాడు ముఖం మాడ్చుకున్నాడు. మా అమ్మ నన్ను పక్కకు పిలిచి "ఇంత చదువు ఎందుకు చదివించామో" అంది. మార్చి తెచ్చాడు, సంతకం చేశాను. కొన్నాళ్లు ఫోన్లు తగ్గాయి, తరువాత మామూలే. ఇప్పుడు వాడే తన బ్యాంకు కాగితాలు నాకు వాట్సాప్‌లో పంపుతాడు.

ఈ మాటలు చెప్పినప్పుడు వచ్చే అభ్యంతరాలు నాకు కంఠతా వచ్చు. అన్నిటికంటే పెద్దది నమ్మకం. ప్రతి కాగితాన్నీ అనుమానిస్తే మనుషుల మధ్య ఏం మిగులుతుందని. నేను చూసినంతలో బంధుత్వాలు చెడింది చదివినందువల్ల కాదు. చదవకుండా పెట్టి, ఏళ్ల తరువాత ఒకరు ఒకటి అనుకున్నామని, ఇంకొకరు ఇంకొకటి అనుకున్నామని కోర్టుకెక్కినందువల్ల. మా మేనమామ గట్టిగా చదివి వినిపించిన దస్తావేజుల మీద తగాదాలు రాలేదని చెప్పను, వచ్చాయి. కానీ అందులో ఏముందో తెలియదని మాత్రం ఎవరూ అనలేకపోయారు.

లాయర్లున్నారు, ఆడిటర్లున్నారు అనేది రెండోది. ఉన్నారు. ఏమడగాలో తెలియనివాళ్లకు వాళ్లు కూడా "ఏం ఫరవాలేదు" అనే చెబుతారు.

మూడో అభ్యంతరం గట్టిది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేను. చదివినా ఏం మార్చగలం? బ్యాంకు ఒప్పందం నలభై పేజీలు, బీమా పాలసీ ముద్రించిన పుస్తకం, ఫోనులో ప్రతి యాప్ అంగీకరించమంటూ ఒక బటను చూపిస్తుంది. అక్షరం మార్చమంటే ఎవరూ మార్చరు. ఒప్పుకుంటే సరుకు, లేకపోతే ఇంటికి. ఇది నిజం, యాప్‌ల విషయంలో నేనూ బటను నొక్కేదాన్నే. కానీ మార్చలేకపోయినా ఎంచుకోగలం. రెండు పాలసీలు పక్కపక్కన పెట్టి గది అద్దె పరిమితి లేనిది తీసుకోగలం. రెండు బ్యాంకులు ఇచ్చిన కీ ఫ్యాక్ట్స్ కాగితాలు చూసి తక్కువ అంకె ఉన్నచోటికి వెళ్లగలం. లోనుతోపాటు అంటగట్టిన బీమా వద్దనగలం. జామీనుకు నోరారా కుదరదనగలం. ఏదీ కుదరకపోతే రాబోయేది ముందే తెలిసి, దానికి తగినట్టు డబ్బు పక్కన పెట్టుకోగలం. అవతల పెద్ద సంస్థ ఉన్నంత మాత్రాన చదవడం దండగని అనుకుంటే, ఆ సంస్థకు అంతకంటే కావలసింది లేదు.

చదవడం వల్ల అడగడం వస్తుందనడానికి మన దగ్గరే ఒక పెద్ద దాఖలా ఉంది. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రి బడుల్లో కూర్చున్న కూలి ఆడవాళ్ల వాచకంలో సారా వల్ల నాశనమైన ఒక కుటుంబం కథ ఉంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి ఊరుకోలేదు. తమ ఊళ్లో సారా దుకాణం ఎందుకుందని అడిగారు, మూయించారు. 1992కల్లా అది జిల్లాలు దాటింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించవలసి వచ్చింది. సంతకం నేర్పి ఇంటికి పంపే అక్షరాస్యత అయితే ఇది జరిగేది కాదు. వాళ్లు చదివినది తమ జీవితం గురించినది, చదివాక పక్కనున్న మనిషితో మాట్లాడారు, తరువాత ఎదుటి మనిషిని నిలదీశారు. మన బీటెక్ పిల్లలకు ఆ మూడు మెట్లలో మొదటిది కూడా ఎవరూ ఎక్కించడం లేదు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి లక్ష ప్రశ్నలకు జవాబులు గుర్తుపట్టడం నేర్పుతున్నాం, ఒక్క ప్రశ్న తమంతట తాము వేయడం నేర్పడం లేదు. కార్పొరేట్ కాలేజీలో చేర్చేటప్పుడు ఫీజు వాపసు షరతులున్న కాగితం మీద సంతకం పెట్టేది తండ్రి. పిల్లవాడు పక్కనే నిలబడి ఉంటాడు. ఆ రోజు అతడు చూసి నేర్చుకునేది ఏమిటంటే, పెద్దవాళ్లు చదవరు అని.

తొందరగా నేర్చుకోవాలని ఇంతగా ఎందుకంటున్నానంటే, తెలియదని ఒప్పుకోవడం ఆ వయసులో చౌక. ఇరవై ఏళ్ల పిల్ల "సార్, ఇదేమిటో చెప్పండి" అంటే బ్యాంకు అధికారి ముచ్చటపడి చెబుతాడు. యాభై రెండేళ్ల సూపరింటెండెంటు అడగడు. తనకు తెలిసి ఉండాలని అందరూ అనుకుంటున్నారని ఆయన అనుకుంటాడు. అదీగాక, ఆ వయసులో చేతికి వచ్చే కాగితాలు చిన్నవి: హాస్టలు అద్దె, ల్యాప్‌టాప్ కిస్తీ, మొదటి ఉద్యోగం లెటరు. తప్పు జరిగినా వేలల్లో పోతుంది.

పోయిన ఏడాది మా చెల్లెలి కూతురికి మొదటి ఉద్యోగం వచ్చింది. ఆరు లక్షల ప్యాకేజీ. ఇంట్లో అందరూ నెలకు యాభై వేలని లెక్క వేసేసుకున్నారు, మా మరిది కారు షోరూంకు కూడా వెళ్లివచ్చాడు. ఆ పిల్ల లెటరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇద్దరం కూర్చుని వరుసగా తీసేస్తూ పోయాం. వేరియబుల్ పే 60,000 ఏడాది చివర, అదీ కంపెనీ ఇస్తే. కంపెనీ కట్టే పీఎఫ్ 21,600 కూడా ఆరు లక్షల్లోనిదే. గ్రాట్యుటీ పేరుతో 14,430. బీమా ప్రీమియం 6,000. మిగిలిన దానిలోంచి ఆమె వాటా పీఎఫ్ మరో 21,600, వృత్తి పన్ను నెలకు 200. చేతికి వచ్చేది నెలకు 39,500 దగ్గర తేలింది. పీఎఫ్ ఆమె డబ్బే, ఎక్కడికీ పోదు, కానీ దానితో అద్దె కట్టలేం. మా మరిది కారు వాయిదా వేశాడు, నా మీద కొంచెం కినుక కూడా.

లెటరు ఆరో పేజీలో బాండు ఉంది. రెండేళ్లలోపు మానేస్తే శిక్షణ ఖర్చు కింద లక్షన్నర కట్టాలి. ఇంట్లో అందరిదీ ఒకే మాట: "అవి కోర్టులో నిలవవులే." 2025 మేలో ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో రెండు లక్షల బాండు చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అన్ని బాండ్లూ నిలుస్తాయని దాని అర్థం కాదు, ఏదీ నిలవదన్నది మాత్రం ఇంక చెల్లదు. ఏం చేయను పెద్దమ్మా అంది. నీకు తెలియనివి వాళ్లనే అడుగు అన్నాను. పద్దెనిమిది నెలలు పనిచేసి మానేస్తే మొత్తం కట్టాలా, మిగిలిన నెలలకేనా? కంపెనీయే తీసేస్తే కట్టాలా? పోయిన ఏడాది కొత్తవాళ్లకు వేరియబుల్ పే ఎంత శాతం ఇచ్చారు? ఈ మూడూ మెయిల్ రాసింది. రాసే ముందు చాలా భయపడింది, ఆఫరే వెనక్కి తీసుకుంటారేమోనని. హెచ్ఆర్ అమ్మాయి ఫోన్ చేసి నోటితో చెప్పింది. "చాలా థ్యాంక్స్ అండీ, ఇదే మెయిల్‌లో రాస్తారా" అని అడిగింది మా పిల్ల. అక్కడ నేను పక్క గదిలోంచి వింటూ కొంచెం మురిసిపోయాను. రాశారు. బాండు నెలనెలా తగ్గుతూ వస్తుంది, కంపెనీ తీసేస్తే వర్తించదు. వేరియబుల్ పే గురించి మాత్రం "కంపెనీ విధానం ప్రకారం" అని ఊరుకున్నారు, అంటే దాన్ని సున్నా అనుకుని బతకాలని ఇద్దరికీ అర్థమైంది.

చేరింది. ఇప్పుడు ఆ బ్యాచ్‌లో మిగతావాళ్లు వాళ్ల లెటర్లు ఆమెకు పంపుతున్నారట. మొన్న ఆదివారం ఫోన్ చేసి, ఒకడి లెటరులో నోటీసు కాలం మూడో పేజీలో అరవై రోజులని, ఏడో పేజీలో తొంభై రోజులని ఉంది, ఏది లెక్క పెద్దమ్మా అని అడిగింది. నన్నెందుకు అడుగుతారు, ఆ అబ్బాయినే వాళ్ల హెచ్ఆర్‌కు మెయిల్ రాయమను అన్నాను. రాయడానికి వాడికి మొహమాటంగా ఉందట.